సమ్మె రోజున ద్వీపంలో విమాన ప్రయాణికుడు

విజయవాడలో విమానం రద్దయితే ప్రయాణికుడు రైల్వే స్టేషనుకు బయలుదేరుతాడు. శ్రీ విజయపురంలో, అనగా 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరింపబడిన పట్టణంలో, విమానం రద్దయితే ఎదుట కనిపించేది సముద్రమే. చెన్నైకి, కలకత్తాకు, విశాఖపట్నానికి ఓడలున్న మాట నిజమే. అయితే ఓడ ప్రతిదినమూ ఉండదు. ఉన్ననాడు కూడా సుమారు 1,200 కిలోమీటర్ల జలమార్గం దాటడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉద్యోగరీత్యా అక్కడ నివసిస్తున్నవారికీ, ఎల్.టి.సి. మీద వెళ్లివచ్చేవారికీ ఈ విషయం తెలిసి ఉండటం అవసరమని భావిస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం మేము సకుటుంబంగా ద్వీపయాత్ర ముగించుకొని చెన్నైకి తిరుగు ప్రయాణమైన ఉదయం, ఒక విమాన సంస్థ సిబ్బంది సమ్మె కారణంగా మా విమానం రద్దయింది. వరుసలో మా ముందు శ్రీకాకుళం ప్రాంతపు యాసలో మాట్లాడుతున్న ఒక వృద్ధ దంపతులు, వారి కుమారుడు నిలబడి ఉన్నారు. తల్లిని చికిత్స నిమిత్తం చెన్నైకి తీసుకువెళుతున్నారు. “సమ్మె కదండీ, మేమేం చేయగలం? సొమ్ము తిరిగి ఇచ్చేస్తాం,” అన్నారు కౌంటరులోని ఉద్యోగి. “నాన్నా, డబ్బిచ్చేస్తారట, సంతకం పెట్టెయ్యనా?” అని కుమారుడు అడిగాడు. పెద్దాయన తల ఊపారు. మేమూ అదే పని చేశాము. తరువాత మరొక సంస్థ టికెట్ ధర విచారిస్తే, చేతికి వచ్చిన సొమ్ముకు దాదాపు రెట్టింపు ఉంది.

నియమం ఏమిటో మేము ఇంటికి చేరిన పిమ్మట చదివాము. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2010లో జారీ చేసి, అటుపై సవరిస్తూ వచ్చిన నిబంధనల ప్రకారం, సకాలంలో తెలియజేయకుండా విమానం రద్దు చేసిన సంస్థ పరిహారం చెల్లించాలి. ప్రయాణకాలం రెండు గంటలు మించిన చెన్నై విమానం వంటి వాటికి అది 10,000 రూపాయలు. లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. అయితే వరదలు, అల్లర్లు మొదలైన అసాధారణ పరిస్థితుల పట్టికలో సమ్మెలు, కార్మిక వివాదాలు కూడా చేర్చబడ్డాయి. కనుక సమ్మెనాడు సాధారణంగా పరిహారం రాదు.

కౌంటరులో చెప్పని సంగతి మరొకటి ఉంది. ఆ మినహాయింపు పరిహారానికి సంబంధించినది. టికెట్ సొమ్ము వాపసు, లేదా ప్రత్యామ్నాయ విమానం, ఈ రెండింటిలో ఏది సమ్మతమో నిర్ణయించేది ప్రయాణికుడు. అప్పటికే విమానాశ్రయానికి చేరినవారికి ప్రత్యామ్నాయ విమానం కోసం వేచి ఉన్నంతసేపు ఫలహార భోజనాలు కూడా సంస్థే సమకూర్చాలి. ఢిల్లీ, ముంబయి వాసికి సొమ్ము వాపసు సౌకర్యమే. ద్వీపవాసికి మాత్రం దానితో చిక్కు తప్పదు, ఎందుకంటే విమానాలు తగ్గిన రోజునే మిగిలిన టికెట్ల ధర పెరుగుతుంది. 2025 డిసెంబరులో, సమ్మె వలన కాకపోయినా, పెద్దసంఖ్యలో విమానాలు రద్దయినప్పుడు ప్రభుత్వమే కలుగజేసుకొని 1,000 నుండి 1,500 కిలోమీటర్ల దూరానికి 15,000 రూపాయల గరిష్ఠ ఛార్జీ విధించవలసి వచ్చింది.

ఇక సమ్మె సంగతి. మేమూ యూనియన్ సభ్యులమే. సమ్మె హక్కును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 1993 జనవరి 9న, ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల సమ్మె కాలంలో ఉజ్బెకిస్తాన్ నుండి అద్దెకు తెచ్చిన విమానం హైదరాబాదు నుండి వెళ్లి, ఢిల్లీలో పొగమంచు నడుమ దిగుతూ తలక్రిందులైంది. అందులోని 165 మందీ ప్రాణాలతో బయటపడటం అదృష్టమే. 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది పలువురు ఒకేసారి అనారోగ్య సెలవు పెట్టగా వందకు పైగా విమానాలు ఆగిపోయాయి. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి. నోటీసు అందిన సంస్థ రెండు వారాల ముందే ప్రయాణికునికి కబురు చేయలేదా అన్నది మా ప్రశ్న. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2021 మార్చి 23న, ఎస్.ఎ.ఎస్. సంస్థ పైలట్ల సమ్మె వ్యవహారంలో, సొంత సిబ్బంది జీతభత్యాల కోసం చేసే సమ్మె అసాధారణ పరిస్థితి కాజాలదని, పరిహారం చెల్లించవలసిందేనని తీర్పు చెప్పింది. మన నిబంధనలలో సొంత సిబ్బంది సమ్మెకూ, బయటివారి సమ్మెకూ భేదం లేదు. ఉండాలని మా అభిప్రాయం.

అంతవరకు, రద్దు సమాచారాన్నీ, ఖర్చుల రసీదులనూ భద్రపరచుకోవాలి. ప్రత్యామ్నాయ విమానాన్ని వ్రాతపూర్వకంగా కోరాలి. తేలేవరకు వాపసు కాగితంపై సంతకం చేయరాదు. సంస్థ స్పందించకపోతే కేంద్ర ప్రభుత్వపు ‘ఎయిర్ సేవ’లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనునే ఆశ్రయించవచ్చు.

ఆ దంపతులు మూడవనాడు చెన్నై చేరారని తరువాత తెలిసింది. రెండవసారి టికెట్లు కొనడానికి కుమారుడు తన ఆఫీసులో పండుగ అడ్వాన్సు తీసుకున్నాడట.