ఒకే మందు, రెండు న్యాయములు

కార్తికమాసమున ద్రాక్షారామమునకు వచ్చు యాత్రికులలో స్త్రీలే హెచ్చు. సప్తగోదావరి గుండమున స్నానమాడి, భీమేశ్వరుని మేడమీది కెక్కి అభిషేకము కన్నులార చూచి, మాణిక్యాంబకు కుంకుమపూజ చేయించుకొని పోవుదురు. ఒకే దినమున పంచారామములను చుట్టి రావలయునని బస్సు కట్టించుకొని వచ్చువారును గలరు. ఆ యాత్రకు మన యిండ్లలో జరుగు సన్నాహములలో వత్తులు, ఉసిరికాయలు, పులిహోర పొట్లములు మాత్రమే గాక మరియొక వస్తువు గూడ గలదు. దానినిగూర్చి యెవ్వరును పైకి మాటాడరు. అది నెలసరిని వెనుకకు జరుపు బిళ్ళ.

అత్తగారు తేదీలు లెక్కచూచి, "నీకు ఆ వారమే గదమ్మా, బిళ్ళలు తెప్పించుకో" అనును. కోడలు చిన్నవానిని మందులకొట్టునకు పంపును. కొట్టువాడు కాగితమున చుట్టి యిచ్చును. ఇది వైద్యుని చీటీమీద అమ్మవలసిన మందే యైనను, చీటీ అడుగువారు మిక్కిలి అరుదు. పెండ్లికి, గృహప్రవేశమునకు, సత్యనారాయణ వ్రతమునకు, తిరుపతి ప్రయాణమునకు గూడ ఇదే తంతు. పసుపుకుంకుమలతోపాటు పట్టీలో వ్రాసికొనదగినంత సామాన్యమైపోయినది. (దేవి సన్నిధికి నెలసరి పనికిరాదనుకొను మనము, మాణిక్యాంబవలెనే అష్టాదశ శక్తిపీఠములలో నొకటైన అస్సాములోని కామాఖ్యయందు ఆ తల్లి రజస్వల యగునని ఏటేట అంబుబాచీ యుత్సవము జరుపుదురని తలచుకొనము. అది వేరు ప్రసంగము.)

ఆ బిళ్ళలో నున్నదేమి? దాని పేరు నోరెథిస్టిరోను. గర్భము నిలుచుటకు స్త్రీ దేహము తనంతట తయారుచేసికొను ప్రొజెస్టిరోను అను హార్మోనును పోలినది. హార్మోనన్న మాటను 1905లో లండనులో స్టార్లింగను శరీరశాస్త్రజ్ఞుడు వాడుకలోనికి తెచ్చెను. ఒక గ్రంథిలో పుట్టి, రక్తములో కలిసి, దూరముననున్న మరియొక యంగమునకు పని చెప్పునట్టి పదార్థమని దాని యర్థము. నోరెథిస్టిరోనును 1951లో మెక్సికో నగరమందలి సింటెక్సు కంపెనీ పరిశోధనశాలలో మిరమోంటెసు, జెరాసీ, రోజెన్‌క్రాంజు అను రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. ఆ కంపెనీవారి హార్మోనులకు ముడిసరకు మన కోనసీమలో పండు పెండలమునకు జ్ఞాతియైన యొక యడవిదుంప. ఆ మందు లోపల నున్నంతకాలము గర్భాశయపు పొర ఊడిరాదు. మానిన రెండు మూడు దినములకు ఊడివచ్చును. ఇదియే బిళ్ళ చేయు పని.

అంతవరకే యైనచో చింతలేదు. కాని యిట్లు వాడు మోతాదులో ఆ మందు కొంత, దేహములోనికి పోయిన పిదప, ఈస్ట్రోజెనుగా మారును. ఈస్ట్రోజెను హెచ్చినచో కాలి సిరలలో రక్తము గడ్డకట్టు స్వభావము కొందరికి హెచ్చగును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాపాయము. అట్టివారు వేలకొలది స్త్రీలలో కొద్దిమందే. కాని ఆ కొద్దిమందిలో మన మున్నామా లేదా యని ముందుగా నడిగి తెలిసికొనవలసిన ప్రశ్నలు గలవు. పూర్వ మెన్నడైన కాలిలో రక్తము గడ్డకట్టినదా? తల్లికిగాని అక్కచెల్లెండ్రకుగాని అట్లు జరిగినదా? కాలేయవ్యాధి గలదా? కారణము తెలియని రక్తస్రావము గలదా? రొమ్ము పుండునకు చికిత్స జరిగినదా? గర్భమేమైన నిలిచియున్నదా? కన్నులయెదుట మెరుపులు తోచుచు వచ్చు పార్శ్వపునొప్పి గలదా? దూరప్రయాణములో గంటలతరబడి బస్సులో కదలక కూర్చుండుట గూడ కాలిసిరలకు మంచిది గాదు. యాత్రకై బిళ్ళ వేసికొనుటలో ఈ రెండును ఒక్కచోట చేరుచున్నవి. ఇన్ని ప్రశ్నలలో కొట్టువద్ద నిలిచిన చిన్నవాని నెవ రేమి యడుగుదురు?

ఇదే నోరెథిస్టిరోను ఇంజక్షను రూపమున మన తెలుగుదేశమునకు వచ్చిన కథ గలదు. రెండు నెలల కొకమారు పొడిచిన గర్భము రాకుండ చేయు ఆ మందును నెట్-ఎన్ అందురు. 1985లో హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో దానిని గ్రామస్త్రీలపై పరీక్షించుచుండిరి. ఇది యింకను పరీక్షలో నున్న మందనియు, దానివలన రాగల చిక్కులివి యనియు ఆ స్త్రీలకు సరిగా చెప్పలేదని హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు తెలిసికొని ప్రశ్నించిరి. 1986లో ఆ సంఘమువారును మరికొందరును సుప్రీముకోర్టున వ్యాజ్యము వేసిరి. వారు కోరినది పెద్ద సంగతి గాదు. దేహములోనికి పోవు మందేమో ఆ దేహము గలదానికి చెప్పవలయు ననియే. పుస్తెలమ్మునప్పుడైనను ఇంటిలో నొకమాట యనుకొందురు గదా!

ఇక పురుషుల వంతు చూతము. అదే నెట్-ఎన్ ఇంజక్షను మగవారికిని ఇచ్చి చూచిరి. పురుషునియందు ఆ మందు మెదడు పంపు ఆజ్ఞ నాపి వీర్యకణముల యుత్పత్తిని నిలుపును. దానితో పురుష హార్మోనైన టెస్టోస్టిరోనును తగ్గును గనుక ఆ లోటు పూడ్చుటకు వేరొక ఇంజక్షను జతచేయుదురు. జర్మనీ, ఆస్ట్రేలియా, ఇండియా, ఇండొనీషియా మొదలగు దేశములలో 320 మంది పురుషులు ఎనిమిది వారముల కొకమారు ఈ జంట ఇంజక్షనును తీసికొనిరి. మందు బాగుగనే పనిచేసినది. కాని మనస్సు క్రుంగుట, ముఖమున మొటిమలు, కండరముల నొప్పులు కొందరియందు కనిపించెను. రక్షణకై యేర్పడిన సంఘమువారు సాహసించనేల యని 2011లో ఇంజక్షనుల నాపించిరి. ఫలితములు 2016లో ప్రకటింపబడెను.

అప్పుడు లోకమంతట స్త్రీలు నవ్విరి: "మేము అరువది యేండ్లుగా ఇవియే పడుచుంటిమి, మగవారు మొటిమలకు భయపడి పారిపోయిరి" అని. ఈ పరిహాసము పూర్తిగా న్యాయము గాదని మా యభిప్రాయము. పారిపోయినది ఆ పురుషులు గారు; వారిలో నూటికి డెబ్బదియైదుగురికంటె నెక్కువమంది యీ పద్ధతిని ముందునకును వాడుటకు సిద్ధమనిరి. ఆపినది పెద్దలు. ఒక పురుషుని మనస్సు క్రుంగినచో ఆగి ఆలోచించు పెద్దలుండుట మంచిదే. స్త్రీవిషయమున ఆ పెద్దరికము పటాన్‌చెరులో నెక్కడికి పోయినదని మాత్రమే మే మడుగుచున్నాము.

మన యూళ్ళలో పురుషుని భయము వేరొక తీరున కనిపించును. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున వివాహితస్త్రీలలో నూటికి డెబ్బదిమందికి దగ్గరగా ఆపరేషను చేయించుకొన్నట్లు తేలినది. మగవారి ఆపరేషను నూటికి ఒక్కటియైన లేదు. కారణ మడిగినచో, "ఆయన పొలములో బరువులెత్తవలె, నీరసించి పోడా?" అని భార్యయే ముందు చెప్పును. నిజమునకు ఆ ఆపరేషనులో హార్మోను ప్రసక్తియే లేదు. వృషణములలో పుట్టు టెస్టోస్టిరోను నేరుగా రక్తములో కలియును. వైద్యుడు కట్టివేయునది వీర్యకణములు పోవు సన్ననాళమును మాత్రమే. మీసము, గొంతు, కండబలము ఉన్నవి ఉన్నట్లుండును. లేని హార్మోను మార్పునకు భయపడి మగవాడు తప్పుకొనుచుండ, ఉన్న హార్మోను మార్పును అడుగకయే ఆడది మ్రింగుచున్నది.

అట్లని మగవానికి హార్మోనన్న సర్వదా భయమనుకొనరాదు. పట్టణములలో వ్యాయామశాలలకు పోవు పిల్లలు కొందరు కండలకై టెస్టోస్టిరోను ఇంజక్షనులను వైద్యు నడుగకయే పొడిపించుకొందురు. బయటినుండి వచ్చిన హార్మోనును చూచి దేహము తన పని మానుకొనును. వీర్యకణములు తగ్గిపోవును, ఒక్కొక్కప్పుడు పూర్తిగా నిలిచిపోవును. మగతనమునకని పొడిపించుకొన్న మందే సంతానము నాపును! పెండ్లియీడు కుమారులు గల తల్లు లీ సంగతి నెరుగుట మంచిది.

మే మెరిగిన యొక యింట జరిగినదానిని చెప్పెదము. ఇంటి యజమానికి డెబ్బదవ యేట ప్రోస్టేటు గ్రంథిలో కాన్సరు కనబడెను. ఆ పుండు పురుష హార్మోనును తిని పెరుగునని 1941లో హగ్గిన్సను వైద్యుడు కనిపెట్టి, 1966లో నోబెలు బహుమాన మందెను. నేటికిని ఆ హార్మోనును అణచు ఇంజక్షనే ముఖ్యచికిత్సలలో నొకటి. వైద్యు డామాట చెప్పగానే ఇంటిలో సభ కూడినది. కుమారులు హైదరాబాదునుండి వచ్చిరి, అల్లుడు వచ్చెను, మరియొక వైద్యుని యభిప్రాయము తెప్పించిరి. పెట్టెలోని కాగితమును యజమాని కండ్లజోడు పెట్టుకొని మొదటినుండి చివరివరకు చదివెను. పిదప ఇంజక్షను తీసికొనెను. మే మిందులో తప్పు పట్టుట లేదు, చేయవలసినదే చేసిరి.

కొన్నాళ్ళకు ఆయనకు ఒంట ఆవిరులు, రాత్రులు చెమటలు పుట్టసాగెను. ఇల్లంతయు కలతపడినది. ఆ యిల్లాలు మాతో మెల్లగా ననినది: "నాకు ఏభయ్యోయేట ఇవే వచ్చాయండీ. నాలుగేళ్ళు పడ్డాను. ఎవరికీ చెప్పలేదు. ఈయనకు వస్తేగాని దానికొక పేరుందని తెలియలేదు." రెంటికిని కారణ మొకటే: హార్మోను తగ్గుట.

మరుసటి కార్తికమున ఆ యింటివారు ద్రాక్షారామయాత్రకు దినము పెట్టుకొనిరి. కోడలికి తేదీ అడ్డమైనది. బిళ్ళలు వచ్చినవి. ముసలాయన చేయిచాచి, "ఆ కాగితం ఇటియ్యమ్మా" అని అడిగి, కండ్లజోడు పెట్టుకొని చదివి, కొంతసేపటికి తలయెత్తి, "మీ అమ్మగారికి నీ చెల్లెలి పురిట్లో కాలు వాచి ఆస్పత్రిలో ఉంచలేదూ? దానికేమన్నారు?" అనెను. రక్తము గడ్డకట్టినదని ఆమెకు జ్ఞాపకము వచ్చెను. పదునేను సంవత్సరములుగా ఆ యింట నామె బిళ్ళలు వేసికొనుచున్నది. ఆ ప్రశ్న నామె నడిగినది అదియే మొదటిసారి. అత్తగారు పంచాంగము తీసి మరుసటి సోమవారమునకు బస్సు మార్చుకొమ్మని కుమారునికి చెప్పినది.