గుడ్డు బరువుకు కదిలే పన్ను

"సార్, పన్ను బొక్కల పాతుకొని ఉంటది గద. ఇంత సన్న తీగ దాన్ని ఎట్ల గుంజుతది?"

అడిగింది తొమ్మిదో తరగతి అమ్మాయి. ముందురోజే పళ్ళకు క్లిప్పులు వేయించుకుని వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అడిగింది. నేనప్పుడు బలాల పాఠం చెబుతున్నాను. బల్ల మీద చెక్కదిమ్మను వేలితో తోసి, తోపు చాలకపోతే అది కదలదని చూపిస్తున్నాను. ఆ దిమ్మకన్నా పన్ను ఎన్నో రెట్లు గట్టిగా నాటుకుని ఉంటుంది. తీగ చూస్తే అగ్గిపుల్లలో నాలుగో వంతు మందం. ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మా బడి కార్వాన్‌లో, తోలి మసీదుకు పోయే దారిలో ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వర్తకులు మకాం వేసిన పేట ఇది. మా వీధి చివర బంగారప్పని చేసే అవుసులాయన ఒకరున్నారు. ఈ ప్రశ్నకు సగం జవాబు ఆయన కొట్లో దొరికింది. మిగతా సగం కోసం పురానాపూల్ దాకా పోయి, బేగంబజార్ మీదుగా అఫ్జల్‌గంజ్ చేరుకోవలసి వచ్చింది. అక్కడి ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో పళ్ళ వరస సరిచేసే చదువు చదువుతున్న ఒక యువ డాక్టరు నాకు మైనంతో చేసిన దవడ చూపించారు. అందులో పళ్ళు గుచ్చి, క్లిప్పులు అంటించి, తీగ బిగించి వేడినీళ్ళలో ముంచుతారు. మైనం మెత్తబడుతుంది, పళ్ళు నెమ్మదిగా నడుస్తాయి. నెలల తరబడి నోట్లో జరిగేది కొన్ని నిమిషాల్లో కళ్ళముందు జరుగుతుంది.

అయితే మన దవడ మైనం కాదు, దాన్ని వేడినీళ్ళలో ముంచరు. మరి ఎముక దారి ఎలా ఇస్తుంది?

పన్ను ఎముకకు అతుక్కుని ఉంటుందని మనం అనుకుంటాం. నిజానికి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరుకు అటూ ఇటూగా సందు ఉంటుంది. ఆ సందు నిండా సన్నని నారలు ఉంటాయి. నులక మంచం తాళ్ళ మీద మనిషి పడుకున్నట్టు పన్ను ఆ నారల మీద వేలాడుతూ ఉంటుంది. నారల మధ్య నీరు, నెత్తురు, జీవకణాలు. పన్ను కదలికంతా ఈ పావు మిల్లీమీటరులోనే మొదలవుతుంది.

సంక్రాంతికి గట్టి సకినం కొరికామనుకోండి. మెత్తటి తిండికి పంటి మీద పడే బలం కిలో, రెండు కిలోలు. బాగా గట్టిది తగిలితే యాభై కిలోల దాకా పోతుంది. అంత బలం పడినా పన్ను అంగుళం కాదు గదా, వెంట్రుకవాసి కూడా జరిగిపోదు. ఎందుకంటే ఆ బలం ఉండేది ఒక్క సెకను. అంతలో సందులోని నీరు బయటికి జారిపోయే వ్యవధి లేదు. నీటి దిండులా అదే దెబ్బను ఓర్చుకుంటుంది.

ఇప్పుడు ఒక కోడిగుడ్డు అరచేతిలో పెట్టుకోండి. సుమారు యాభై గ్రాములు. ఒక పన్నును పక్కకు వంచడానికి కావలసిన బలం 35 నుంచి 60 గ్రాములు. అంటే గుడ్డు బరువు చాలు. కాకపోతే అది రాత్రీ పగలూ వదలకుండా ఉండాలి. నీరు మెల్లగా పక్కకు తప్పుకుంటుంది, ఒక పక్క నారలు నలుగుతాయి, రెండో పక్క నారలు సాగుతాయి. నలిగిన చోట నెత్తురు పారడం తగ్గుతుంది. అక్కడి కణాలు ఆ మార్పును పసిగట్టి రసాయన సంకేతాలు పంపుతాయి. రెండు రోజులు తిరగకముందే ఎముకను కరిగించే కణాలు ఆ పక్కకు చేరుకుంటాయి. సాగిన పక్కన ఎముకను కట్టే కణాలు పనిలో దిగుతాయి. ముందు గోడ తవ్వుతూ, వెనక గోడ కడుతూ పన్ను ఉన్న గదినే జరుపుతాయన్నమాట. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. తీగ చేసే పని, ఎటు జరగాలో చెప్పడం. జరిపేది ఎముక.

మరి త్వరగా కావాలని బలం పెంచితే? స్వీడన్‌కు చెందిన కార్ల్ సాండ్‌స్టెడ్ 1904లో కుక్కల పళ్ళ మీద ఇదే పరీక్షించి చూశాడు. బలం ఎక్కువైతే నలిగిన చోట నెత్తురు పూర్తిగా ఆగిపోతుంది. కణాలు చచ్చి ఆ భాగం గాజులా కనబడుతుంది. తవ్వవలసిన కూలీలే చచ్చిపోయాక తవ్వేదెవరు? దూరం నుంచి వేరే కణాలు వచ్చి, ఎముకను వెనక నుంచి తొలుచుకుంటూ రావాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ పన్ను ఉన్నచోటే ఉంటుంది, నొప్పి మాత్రం పెరుగుతుంది. వేరు కొస అరిగే ప్రమాదమూ ఉంది. మెల్లగా తోస్తేనే త్వరగా కదులుతుందని తెలిసినరోజు నేను తరగతిలో ఆ చెక్కదిమ్మను పక్కన పెట్టేశాను. ప్రాణమున్నదాన్ని కదిలించే లెక్క వేరు.

ఇక ఈ తీగ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం చెప్పాలి. అది చిన్న గాడి కథ.

అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్‌ను ఈ శాస్త్రానికి ఆద్యుడంటారు. 1899లో ఆయన వంకరపళ్ళను మూడు తరగతులుగా విడదీశాడు. ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి దవడపన్నును కొండగుర్తుగా పెట్టుకున్నాడు. పై దవడపన్ను ముందు శిఖరం కింది దవడపన్ను గాడిలో సరిగ్గా కూర్చుని, మిగతా పళ్ళు ఇరుకై ఎగుడుదిగుడుగా ఉంటే మొదటి తరగతి. కింది పన్ను వెనకబడితే రెండోది. మనం ఎత్తుపళ్ళు అనేవాటిలో చాలామటుకు ఇందులోకి వస్తాయి. కింది పన్ను ముందుకు వచ్చేస్తే మూడోది. గడ్డం ముందుకు పొడుచుకు వచ్చినట్టుంటుంది. ఇవిగాక పైపళ్ళు కిందిపళ్ళను మరీ కప్పేస్తే డీప్ బైట్, దవడపళ్ళు కలిసినా ముందుపళ్ళు కలవకపోతే ఓపెన్ బైట్, పైపళ్ళు కిందిపళ్ళకు లోపలి వైపు పడితే క్రాస్ బైట్. నూటపాతికేళ్ళు దాటినా డాక్టర్లు ఇప్పటికీ మొదట చూసేది ఆ దవడపన్నునే.

తరగతులు పెట్టడం ఒక ఎత్తు, సరిచేయడం ఇంకో ఎత్తు. యాంగిల్ మొదటి పరికరంలో బలమైన తీగను విల్లులా వంచి దవడపళ్ళకు బిగించి, మిగతా పళ్ళను దానికి కట్టేవారు. పళ్ళు తీగవైపు వచ్చేవి, కాని పక్కకు ఒరిగి వచ్చేవి. పొలంలో పాతిన గుంజను పైన పట్టి తోసి చూడండి. పైకొస ముందుకు వాలుతుంది, కిందికొస వెనక్కి తన్నుతుంది. పన్ను కూడా అంతే. మనకు అందేది పైన కనబడే భాగం, నిలకడ ఉండేదేమో ఎముక లోపల, వేరు నడుమ. పన్ను నిలువునా జరగాలంటే తోపుతో పాటు మెలి కూడా కావాలి. వేరును చేత్తో పట్టుకోలేం. పైన పట్టుకునే వేరును తిప్పాలి. ఎలా?

యాంగిల్ ఒక్కో పంటికి నిలువు గొట్టం అతికి, అందులో దిగే పిన్నులను తీగకు అతికే పద్ధతి పెట్టాడు. పన్ను జరగాలంటే ప్రతిసారీ ఆ పిన్నులను విడదీసి కొత్తచోట అతకాలి. ఆ నైపుణ్యం చేతికి పట్టినవాళ్ళు వేళ్ళమీద లెక్క. తరవాత పట్టీలాంటి చదునైన తీగను, దాన్ని పట్టే బ్రాకెట్‌ను తెచ్చాడు. మెరుగే, కాని వేరు మీద పట్టు ఇంకా చిక్కలేదు. డెబ్భై ఏళ్ళు దాటాక ఆయన తీగను తొంభై డిగ్రీలు తిప్పి, అంచు పంటివైపు ఉండేలా పెట్టాడు. బ్రాకెట్ గాడిని ముందువైపు నోరు తెరిచిన నలుచదరపు గాడిగా మార్చాడు. 1928లో దాన్ని లోకానికి చెప్పాడు, 1930లో కన్నుమూశాడు. గాడి వెడల్పు 0.022 అంగుళాలు, లోతు 0.028, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు, ముప్పాతికకు తక్కువ. నేటికీ ప్రపంచమంతా వాడే రెండు కొలతల్లో ఒకటి అదే.

దాని మహిమ తెలియాలంటే పానాను గుర్తు చేసుకోండి. గుండ్రటి కడ్డీని పానాతో తిప్పలేరు, జారుతుంది. కోణాలున్న బోల్టును పడితే చేతిలోని మెలి అంతా బోల్టులోకి దిగుతుంది. గుండ్రటి తీగ గాడిలో తిరుగుతూ ఉండిపోతుంది. నలుచదరపు తీగను కాస్త మెలిపెట్టి గాడిలో దించితే, అది మళ్ళీ విప్పుకోవాలని చూస్తుంది. విప్పుకోవాలంటే గాడిని తిప్పాలి, గాడితో పన్ను తిరగాలి, పంటితో పాటు ఎముక లోపలి వేరు తిరగాలి. పైనుంచే వేరుతో మాట్లాడే ఉపాయం అది.

ఇది నా కళ్ళతో చూడాలనిపించి అవుసులాయన దగ్గరికి పోయాను. ఆయన కమ్మచ్చు తీశారు. ఉక్కు పలకలో ఒకదానికన్నా ఒకటి చిన్నవైన బెజ్జాల వరస. ఒక వరస గుండ్రం, ఇంకోటి నలుచదరం. ఒకే ఇత్తడి తీగను రెండు రకాలుగా లాగి ఇచ్చారు. నేను గిన్నెలో తేనెమైనం పోసి రెండు చెక్కపుల్లలు గుచ్చాను, పైకొసల్లో గాడి కోశాను. మొదటిదానికి గుండ్రటి తీగ, రెండోదానికి మెలిపెట్టిన నలుచదరపు తీగ. గిన్నెను వేడినీళ్ళలో ఉంచి, చల్లారాక మైనాన్ని నిలువునా కోసి తరగతిలో చూపించాను. మొదటి పుల్ల ఒరిగింది, దాని కిందికొస వెనక్కి పోయింది. రెండోదాని కిందికొస ముందుకు నడిచిన జాడ మైనంలో గీతలా కనబడింది. క్లిప్పుల అమ్మాయి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

వెంటనే రెండో ప్రశ్న వచ్చింది. "మరి నాయి నాలుగు మంచి పండ్లు ఎందుకు పీకిన్రు సార్?"

సరిగ్గా ఇదే ప్రశ్న మీద ఈ శాస్త్రంలో పెద్ద పోరు నడిచింది. మనిషికి ప్రకృతి ఇచ్చిన పళ్ళన్నీ ఉంచి తీరాలని, సరైన చోట పెడితే వాటి చుట్టూ ఎముక తానే పెరుగుతుందని యాంగిల్ వాదం. చికాగోకు చెందిన కాల్విన్ కేస్ ఒప్పుకోలేదు. కొందరి దవడకు అన్ని పళ్ళూ సరిపోవు, బలవంతంగా ఇరికిస్తే మూతి ముందుకొస్తుంది, కొన్నాళ్ళకు పళ్ళు మళ్ళీ వంకర పోతాయన్నాడు. 1911లో వైద్యుల సభలో కేస్‌కూ, యాంగిల్ పక్షాన మాట్లాడిన మార్టిన్ డ్యూయీకీ హోరాహోరీ వాదన జరిగింది. ఆనాటికి యాంగిల్ మాటే నెగ్గింది.

ఆ మాట తిరగబడింది ఆయన శిష్యుల చేతుల్లోనే. చార్లెస్ ట్వీడ్ గురువు చెప్పినట్టే ఒక్క పన్నూ తీయకుండా వైద్యం చేశాడు. తన రోగుల పళ్ళు మళ్ళీ పాత దారి పట్టడం చూసి, వాళ్ళనే పిలిచి నాలుగు చిన్న దవడపళ్ళు తీసి తిరిగి వైద్యం చేశాడు. 1940 నాటికి ముందూ తరవాతా ఎలా ఉన్నాయో నమూనాలు పక్కపక్కన పెట్టి తోటివాళ్ళకు చూపించాడు. ఆస్ట్రేలియాలో రేమండ్ బెగ్ తనంతట తానే అదే దారికి వచ్చాడు. అక్కడి ఆదివాసుల పళ్ళు గరుకు తిండికి పక్కలు కూడా అరిగి, వరసలో చోటు మిగులుతుందని ఆయన గమనించాడు. గురువు నలుచదరపు గాడిని కూడా వదిలి, సన్నని గుండ్రటి ఉక్కు తీగతో సొంత పద్ధతి కట్టాడు. ముందు పళ్ళను ఒరగనిచ్చి, తరవాత చిన్న స్ప్రింగులతో వేళ్ళను నిలబెట్టేవాడు. గురువును ప్రేమిస్తూనే కాదనగలిగిన ఈ ఇద్దరంటే నాకు గౌరవం. ఇవాళ డాక్టర్లు తీయాలనీ వద్దనీ ముందే పట్టుబట్టరు. చోటు కొలుస్తారు, ముఖం పక్కనుంచి చూస్తారు, ఆ బిడ్డకు ఏది తగునో అది చేస్తారు. ఆ అమ్మాయి నోట్లో చోటు చాలలేదు.

తరవాతి చరిత్ర వేగంగా నడిచింది. బంగారు తీగ పోయి ఉక్కు వచ్చింది. పంటిని ఆమ్లంతో గరుకు చేస్తే జిగురు పట్టుకుంటుందని 1955లో దంతవైద్యుడు బ్యూనోకోర్ చూపించాక, బ్రాకెట్ కోసం పంటిపంటికీ ఉంగరం తొడిగే బాధ తప్పింది. 1970లో లారెన్స్ ఆండ్రూస్ అనే దంతవైద్యుడు, డాక్టర్లు తీగలో పెట్టే వంపులన్నీ బ్రాకెట్‌లోనే ముందుగా చెక్కించాడు. క్లిప్పులు వేయని 120 చక్కటి పలువరసల నమూనాలు కొలిచి చేసిన పని అది. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన నికెల్, టైటానియం మిశ్రలోహం 1970లలో నోట్లోకి వచ్చింది. ఎంత వంచినా మెత్తగా, విడవకుండా తోస్తూ ఉంటుంది; గుడ్డు బరువు సూత్రం కోసమే పుట్టినట్టుంటుంది. దవడ ఎముకలో దించే చిన్న మరలు వచ్చాయి. దవడపళ్ళను ఆధారం చేసుకుని ముందుపళ్ళను వెనక్కి లాగితే దవడపళ్ళు ముందుకు వస్తాయి, న్యూటన్ మూడో నియమం నోట్లోనూ తప్పదు. మరకు ఆ నారల సందు లేదు కనక అది జరగకుండా లాగుడును ఓర్చుకుంటుంది. ఇప్పుడు కనబడని ప్లాస్టిక్ తొడుగులూ వచ్చాయి. రూపం ఏదైనా లోపల ఎముక చేసే పని మారలేదు.

రెండేళ్ళకు ఆ అమ్మాయి క్లిప్పులు తీసేశారు. పళ్ళను సరిచేసిన చోటే నిలిపే రిటైనర్‌ను రాత్రిపూట పెట్టుకోవాలన్నారు. "పండ్లు సక్కగైనయి గద సార్, ఇంకెందుకు?" అని అడిగింది. చిగుళ్ళలోని సాగిన నారలు కొత్తచోటుకు అలవాటు పడడానికి ఏడాది దాకా పడుతుంది. అదొక్కటే కారణం కాదు. పెదవి, నాలుక కూడా మెత్తగా, వదలకుండా తోసేవే. రాత్రంతా బొటనవేలు చప్పరించే పసివాడి ముందుపళ్ళు ఎత్తుగా లేవడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం. వంకర చేసిందీ, సరిచేసిందీ, మళ్ళీ వంకర చేయగలిగిందీ అదే గుడ్డు బరువు.

ఇదంతా నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. "అంటే తీగ తీసినంక గూడ తోసేటోళ్ళు ఉంటరన్నమాట," అంది. అవునన్నాను. ఆ సాయంత్రం బడి గంట కొట్టాక, సంచీలో రిటైనర్ డబ్బా ఉందో లేదో చూసుకుని మరీ బయలుదేరింది.