వేలం... వెర్రి!

పాత కారు. ఎక్కితే ఇద్దరే పడతారు. ఏసీ లేదు, పాటల పెట్టె లేదు. ధర మాత్రం... వెయ్యి కోట్ల రూపాయల పైనే! అలాంటి కార్ల కోసం కుబేరులు సై అంటే సై అంటున్నారు. ఇంతకీ వాళ్లు కొంటున్నది కారునా... పంతాన్నా?

వినాయకుణ్ని సాగనంపే రోజున సంగం నుంచి ఆత్మకూరు, ఉదయగిరి దాకా ఏ పల్లెకెళ్లినా ఒక ముచ్చట కనిపిస్తుంది. పందిరి కింద జనం. మధ్యలో బల్ల మీద లడ్డూ. 'వెయ్యి ఒకటోసారి... వెయ్యి రెండోసారి...' అంటూ మైకులో కేక. ఎవరో రెండువేలంటారు. ఇంకెవరో మూడువేలు. అంతవరకూ అది దేవుడి ప్రసాదం పాటే. ఐదువేలు దాటాక చూడాలి. పదిమంది కాస్తా ఇద్దరవుతారు. ఆ ఇద్దరివీ ఊళ్లో పేరున్న ఇళ్లే అయ్యుంటాయి. ఇక అక్కణ్నుంచి పాట లడ్డూ మీద నడవదు. ఎదుటివాడి మీద నడుస్తుంది!

హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్ సంగతే చూడండి. అక్కడి గణేశుడి లడ్డూ 1994లో తొలిసారి పలికింది 450 రూపాయలు. 2025లో పలికింది 35 లక్షలు. పిండి, పంచదార, నెయ్యి ధరలు పెరిగితే లడ్డూ అంత కాదు కదా. పెరిగింది పేరు, పరువు, పోటీ.

ఇప్పుడా పందిరి తీసేసి అద్దాల మేడ పెట్టండి. లడ్డూ స్థానంలో ఓ వెండిరంగు కారును నిలబెట్టండి. అదే కోటీశ్వరుల కార్ల వేలం!

రెండంటే రెండే!

2022 మే 5. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో మెర్సిడెస్ బెంజ్ మ్యూజియం. పిలుపు అందిన కొద్దిమందికే ప్రవేశం. ఆర్ఎం సోథెబీస్ అనే వేలం సంస్థ ఆ రోజు అమ్మకానికి పెట్టింది ఒకే ఒక్క కారు. పేరు 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హాట్ కూపే. పాట ముగిసేసరికి దాని ధర 13.5 కోట్ల యూరోలు. అప్పటి లెక్కన మన రూపాయల్లో వెయ్యి కోట్లు దాటింది. ప్రపంచంలో ఏ కారూ వేలంలో అంత పలకలేదు. కొన్నదెవరో మాత్రం చెప్పలేదు. ఆయన తరఫున పాట పాడింది కార్ల వ్యాపారంలో ఆరితేరిన ఓ మధ్యవర్తి.

ఏముంది ఆ కారులో? 1955లో పందేల కోసం తయారుచేసిన కారుకు పైకప్పు వేసి మార్చిన రూపం అది. గంటకు 290 కిలోమీటర్ల దాకా పరుగెత్తేది. అలాంటివి చేసింది రెండే. అదే ఏడాది ఫ్రాన్సులోని లె మాన్స్ పందెంలో ఘోర ప్రమాదం జరిగి ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర మెర్సిడెస్ పందేల నుంచి తప్పుకుంది. పందెంలోకే దిగని ఆ కార్లలో ఒకదాన్ని దాని సృష్టికర్త రుడాల్ఫ్ ఉలెన్‌హాట్ సొంత కారులా రోడ్ల మీద తిప్పేవాడు. తర్వాత రెండూ కంపెనీ సొత్తుగానే ఉండిపోయాయి. ఒకదాన్ని తమ దగ్గరే ఉంచుకుని రెండోదాన్ని అమ్మిన కంపెనీ, వచ్చిన డబ్బుతో పర్యావరణ రంగంలో చదువుకునే కుర్రకారుకు ఉపకార వేతనాలిస్తామని ప్రకటించింది.

2025 ఫిబ్రవరిలో అదే మ్యూజియంలో మరో పాట. మహామహులు ఫాంజియో, స్టిర్లింగ్ మాస్ నడిపిన డబ్ల్యూ196 పందెం కారు 5.1 కోట్ల యూరోలకు పోయింది. అంటే దాదాపు 460 కోట్ల రూపాయలు!

ఇనుముకు కాదు... కథకు

ఫెరారీ 250 జీటీవో. పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఇది కోహినూరు. 1962-64 మధ్య చేసినవి 36. అమెరికాలో అప్పటి కొత్త కారు ధర 18 వేల డాలర్లు. ఆనాటి మారకం ప్రకారం మన లక్ష రూపాయల లోపే. 2018లో కాలిఫోర్నియాలో అలాంటి కారొకటి 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. 2023లో న్యూయార్క్‌లో మరొకటి 5.17 కోట్ల డాలర్లు పలికింది.

ఇంత పెట్టి కొనేవాళ్లు ముందు చూసేది కారు మెరుపును కాదు, కాగితాలను! ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కంపెనీ పుస్తకాల్లో ఉన్నవేనా? మొదటి యజమాని ఎవరు? ఏ పందెంలో గెలిచింది? ఎక్కడ గుద్దుకుంది? ఎవరు బాగుచేశారు? ఇలా పుట్టుక నుంచి ఇప్పటి దాకా జాతకం మొత్తం ఉండాలి. అసలు ఇంజిన్ పోయి వేరేది బిగించారంటే ధర అక్కడే పడిపోతుంది. మనం భూమి కొనేముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం చూడండి, అచ్చం అలాగే.

ఒక్కోసారి దుమ్ము కూడా ధర పెంచుతుంది! ఫ్రాన్సులో బయోన్ అనే రవాణా వ్యాపారి మ్యూజియం పెట్టాలని 1950ల నుంచీ పాత కార్లు కొన్నాడు. వ్యాపారం దెబ్బతినడంతో కొన్నింటిని అమ్మేశాడు. మిగిలినవి షెడ్లలో దశాబ్దాల పాటు ఉండిపోయాయి. 2014లో వేలం సంస్థవాళ్లు వెళ్లి చూస్తే అరవై దాకా కార్లు కనిపించాయి. అందులో ఓ గ్యారేజీలో, పాత పత్రికల కట్టల కింద ఉంది ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ ఫొటోల్లో మెరిసిన ఫెరారీ కాలిఫోర్నియా స్పైడర్! 2015లో పారిస్ వేలంలో అదొక్కటే 1.63 కోట్ల యూరోలు... అంటే వంద కోట్ల రూపాయలకు పైనే తెచ్చిపెట్టింది. పైన పడ్డ దుమ్మును తుడవకుండానే వేలానికి పెట్టారు. ఎవరి చెయ్యీ పడలేదనడానికి దుమ్మే సాక్ష్యం మరి!

ధర పెట్టేది ఓడినవాడే

వేలంలో ధరను నిర్ణయించేది గెలిచినవాడు అనుకుంటాం. కాదు. ఓడినవాడు! మొదటివాడు వంద కోట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా, రెండోవాడు యాభై దగ్గర ఆగిపోతే వస్తువు యాభై చిల్లరకే దక్కుతుంది. ఆ రెండోవాడు తొంభై దాకా లాగితే తొంభై దాటాల్సిందే. కాబట్టి వేలం సంస్థకు కావాల్సింది ఒక్క కుబేరుడు కాదు, తగ్గని కుబేరులు ఇద్దరు. అందుకే రంగుల పుస్తకాలు అచ్చువేస్తారు, విందులిస్తారు, దూరంగా ఉన్నవాళ్లకు ఫోన్లలో పాడే వీలు కల్పిస్తారు. కనీస ధరను లోపల్లోపల రాసిపెట్టుకుంటారు. దాన్ని అందుకోకపోతే కారు అమ్మరు. మన పల్లెల్లో 'సర్కారువారి పాట' అంటూ మొదలుపెట్టే ధర అందరికీ తెలుస్తుంది. అక్కడ మాత్రం కనీస ధర చాలాసార్లు గుట్టుగానే ఉంటుంది. అదే తేడా.

సుత్తి దెబ్బ పడ్డాక ఖర్చు ఆగదు. పాట మొత్తం మీద పది పన్నెండు శాతం దాకా వేలం సంస్థకు అదనంగా ఇవ్వాలి. ఆపైన బీమా, కాపలా, తేమ తగలని గది, ఆ కాలపు ఇంజిన్ తెలిసిన మెకానిక్. ఇంతా చేసి బండిని బయటకు తీసేది ఏడాదికి రెండు మూడుసార్లేనాయె!

మనమూ తక్కువేం తినలేదు

2020లో మహీంద్రా కంపెనీ కొత్త థార్ మొదటి బండిని వేలం వేసింది. పాట 25 లక్షల దగ్గర మొదలైంది. షోరూంలో పది లక్షల నుంచి దొరికే ఆ బండిని ఢిల్లీకి చెందిన ఒకాయన కోటీ పదకొండు లక్షలకు పాడుకున్నాడు! ఆ డబ్బు కొవిడ్ సాయానికి వెళ్లింది. కంపెనీ కూడా అంతే మొత్తం కలిపింది.

కేరళలోని గురువాయూరు గుడికి మొక్కుబడిగా వచ్చిన థార్ కథ ఇంకా తమాషా. 2021 డిసెంబరులో వేలం పెడితే పాటకు వచ్చింది ఒక్కరే. 15 లక్షల సర్కారువారి పాటకు పదివేలు కలిపి 15.10 లక్షలకు సరిపెట్టారు. దానిపై గొడవ రేగి 2022 జూన్‌లో మళ్లీ వేలం వేశారు. ఈసారి పోటీ ఉంది. అదే బండి, అదే గుడి... 43 లక్షలు! ధర పెట్టేది ఓడినవాడే అనడానికి ఇంతకు మించిన రుజువేం కావాలి?

తెలుగునాట పోటీ కారు కంటే దాని నంబరు మీద ఎక్కువ. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన లంబోర్గినీ కోసం 9999 నంబరును 17 లక్షలకు దక్కించుకున్నాడు. 2024లో ఖైరతాబాద్ రవాణా కార్యాలయంలో అదే నాలుగు తొమ్మిదులకు ఓ సంస్థ 25 లక్షల 50 వేల పైచిలుకు కట్టింది. 2025 ఏప్రిల్‌లో కేరళలో 0007 నంబరు దాదాపు 46 లక్షలు పలికింది. ఆ నవంబరులో హరియాణాలో 8888 నంబరుకు ఏకంగా కోటీ 17 లక్షల దాకా పాడారు. తీరా గడువులోగా డబ్బు కట్టలేదు. పాడినవాడి ఆదాయమెంతో ఆరా తీయిస్తామని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. పాడటానికి నోరు చాలు, కట్టడానికి జేబు కావాలి మరి!

నిజాం వారి పసుపు రథం

కొనుక్కోవడంలో ఒకప్పుడు మన నవాబులను మించినవాళ్లు లేరు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే అద్దాల గదిలో పసుపు రంగు రోల్స్‌రాయిస్ కనిపిస్తుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చాడు. వెనక సింహాసనంలాంటి ఎత్తైన ఆసనం పెట్టించాడు. కారు వచ్చేలోపే 1911లో ఆయన కన్నుమూశాడు. అది ఆయన కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు చేరింది. టైమ్ పత్రిక 1937లో ముఖచిత్రంగా వేసిన అపర కుబేరుడాయన. అయినా పొదుపరిగానే పేరు. దాంతో రథంలాంటి ఆ కారు ఎక్కువ దూరం తిరిగిందే లేదు.

వేలానికి పెడితే దానికి ఎన్ని కోట్లొస్తాయో! కానీ అది ఏ కుబేరుడి గ్యారేజీలోనో తాళం వెనక లేదు. టికెట్ కొన్న ఎవరైనా ఎదురుగా నిలబడి చూడొచ్చు. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లండి. సుత్తి దెబ్బ పడని కారు విలువేంటో అక్కడ తెలుస్తుంది.

పైకి వెళ్లింది... కిందికీ వస్తుంది

'పాత కారు కొంటే బంగారం కొన్నట్టే' అనేవాళ్లున్నారు. వాళ్లు చెప్పని కథ ఒకటుంది. 1988లో ఎంజో ఫెరారీ చనిపోయాక ఆయన కార్ల ధరలు ఆకాశానికెగిశాయి. జపాన్ శ్రీమంతులు ఎగబడ్డారు. 1989-90 నాటికి జీటీవో ధర కోటి డాలర్లు దాటింది. తర్వాత బుడగ పేలింది. 1994లో ఓ జీటీవో 27 లక్షల డాలర్లకే చేతులు మారింది! అది మళ్లీ కోట్లకు పడగలెత్తడానికి ఏళ్లు పట్టింది. అప్పుచేసి కొన్నవాడు అన్నేళ్లు ఆగగలడా?

మన ఊళ్లలోనూ అంతే. మైకు ముందు పంతానికి పోయి పాడేసి, ఆ డబ్బు కట్టడానికి వడ్డీకి తెచ్చినవాళ్ల గురించి ఏ రచ్చబండ దగ్గరైనా చెబుతారు. కుబేరుడికి అది సరదా. మామూలు సంసారికి అది ఇల్లాలి మెడలోని గొలుసు.

మీ పెరట్లో ఉందా?

ఒకప్పుడు పల్లెలో పెద్దింటి గుర్తు అంబాసిడర్. పెళ్లికూతురిని తేవాలన్నా, ఎన్నికల ప్రచారానికైనా, అర్ధరాత్రి పురుడొచ్చి నెల్లూరు ఆసుపత్రికి పరుగెత్తాలన్నా అదే దిక్కు. 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. 2017లో ఆ పేరునొక్కదాన్నే ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. బండ్లు మాత్రం చాలావరకు కిలోల లెక్కన పాత ఇనుములోకి పోయాయి. కొన్ని ఇప్పటికీ చింతచెట్ల కింద కోళ్లకు గూళ్లుగా ఉన్నాయి.

అలాంటిది మీ ఇంట్లో ఉంటే తొందరపడి తూకానికి వేయకండి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, ఇంజిన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు చేయని వ్యక్తిగత వాహనాలను 'వింటేజ్' కింద నమోదు చేయించుకోవచ్చు. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20 వేలు. పదేళ్ల వరకూ చెల్లుతుంది. రోజువారీ తిరగడానికి మాత్రం వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీసుకెళ్లొచ్చు. పాత ఆర్సీ పుస్తకం, కొన్న రసీదు, తాతయ్య ఆ కారు పక్కన నిలబడి దిగిన ఫొటో... అన్నీ జాగ్రత్త చేయండి. అవే దాని జాతకం.

కోట్లు రావు. ఆ ఆశ పెట్టుకోవద్దు. అంబాసిడర్లు రెండో, ముప్పై ఆరో కాదు, లక్షల్లో తయారయ్యాయి. కానీ అమ్మమ్మ పెళ్లికూతురిగా ఆ ఇంటికి వచ్చింది అందులోనే. అమ్మ పుట్టిన రాత్రి పెన్న ఒడ్డు వెంట నెల్లూరికి పరుగెత్తిందీ అందులోనే. ఆ కథకు స్టుట్‌గార్ట్‌లో పాడేవాళ్లు ఎవరూ ఉండరు. మీ ఇంట్లో తప్ప!