మోచే కుండల మీద గుడ్లగూబ కొలువు

పెరూ ఉత్తర తీరపు ఎడారి లోయల్లో సుమారు క్రీ.శ. 1 నుంచి 8వ శతాబ్దం దాకా వర్ధిల్లిన మోచేలకు లిపి లేదు. చెప్పదలచుకున్నది మట్టిపాత్రల మీద చెప్పారు. పాత్ర పైన రెండు గొట్టాలు వంపు తిరిగి ఒకే మూతిగా కలిసే సీసాలవి. మీగడ రంగు పూత మీద ఎర్రమట్టితో సన్నగీతల బొమ్మలు. వాటిలో పక్షులకు కొదవలేదు. గదలు పట్టిన బాతులు, వరసగా పరుగెత్తే హమ్మింగ్‌బర్డులు, మనిషి కాళ్ల మీద నిలబడ్డ గుడ్లగూబలు! వీటిని ఆ నేల పక్షిజాతుల పట్టికగా చదవవచ్చు, ఒట్టి పురాణ కల్పన అని పక్కన పెట్టనూవచ్చు. నా దృష్టిలో రెండూ చాలవు. ఆయుధమో పాత్రో పట్టిన ఈ పక్షులు చాలావరకు పదవులకు గుర్తులు.

ఇది ఊహ కాదనడానికి ఆధారం మట్టిలోనే దొరికింది. కుండల మీద పదేపదే కనిపించే ఒక దృశ్యాన్ని 1970లలో పురావస్తు శాస్త్రవేత్త క్రిస్టఫర్ డోనన్ విడదీసి చూపారు: బందీల గొంతు కోసి, ఆ రక్తాన్ని పాత్రలో పట్టి అధిపతికి అందించే క్రతువు. అందులో అధిపతికి ఎదురుగా నిలిచేది పక్షి ముక్కూ రెక్కలూ ఉన్న మనిషి. 1987లో దొంగలు అప్పటికే తవ్వేసిన అదే తీరంలోని సిపాన్ దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఆల్వా కాపాడి, తవ్వకాలు మొదలుపెట్టారు. మొదటి సమాధిలో బొమ్మల్లోని అధిపతి అలంకారాలు బయటపడ్డాయి. మరో సమాధిలోని వ్యక్తి తలపాగా మీద రెక్కలు చాచిన గుడ్లగూబ ఉంది, పక్కన పాత్ర ఉంది. అంటే బొమ్మలోని పక్షిమనిషి ఒకప్పుడు ఊపిరి పీల్చి, చచ్చి, పూడ్చబడ్డవాడే.

ఒక్క చోట దొరికిన సమాధుల పోలిక కాకతాళీయం కావచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. అయితే 1991లో అదే తీరంలో మరో చోట, శాన్ హోసె దె మోరోలో, అదే క్రతువు బొమ్మల్లో కనిపించే స్త్రీ ధరించే అలంకారాలతో ఒక మహిళ సమాధి దొరికింది. వేర్వేరు చోట్ల ఇలా కలిసిరావడాన్ని యాదృచ్ఛికం అనడం కష్టం. అలాగని ప్రతి పక్షినీ పూజారిని చేయలేం. బాతు ఆకారంలో మలచిన మామూలు పాత్ర ఒట్టి బాతు బొమ్మే కావచ్చు. దొంగలు అమ్మిన కుండల విషయంలో చిక్కు ఇంకా పెద్దది, అవి ఎవరి పక్కన ఉన్నాయో ఇక తెలియదు. లిమాలోని లార్కో మ్యూజియం తన మోచే పాత్రల సంగ్రహాన్ని ఇంటర్నెట్‌లో చూసే వీలు కల్పించింది. చూసేటప్పుడు పక్షి ముక్కు కన్నా ముందు దాని చేతిలో ఏముందో గమనించండి.