ఒకే గొంతు రెండు బాణీలు ఎట్లు పలుకును?

కుత్బుల్లాపూరులో సినిమాపాట పాడు బాలునికి కీర్తన పట్టుబడునా? సాధన చేసినచో తప్పక పట్టుబడును. ఈ రెండు బాణీలకు మొదటి భేదము గొంతు వాడుక. మైకు లేని కాలమున సభ చివరివరకు వినిపింపవలసి యుండుటచే శాస్త్రీయగాయకులు నిండుగొంతుతో పాడిరి. మైకు వచ్చిన పిమ్మట లలితగాయకులు గుసగుసలోని భావమును సైతము వినిపింపగలిగిరి.

గమకము, అనగా స్వరమును ఊపి పలుకుట, మరియొక భేదము. తోడిరాగమున గాంధారము రిషభ మధ్యమముల నడుమ ఊగును. సినిమాపాటలో అదే స్వరము తరచుగా తిన్నగా నిలుచును.

క్రమమైన శాస్త్రీయశిక్షణ లేకున్నను, 1980లో విడుదలైన ‘శంకరాభరణం’ చిత్రమునకు కె.వి. మహదేవన్ కూర్చిన పాటలను సాధనతో ఆలపించి, సినిమాగాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం జాతీయ పురస్కారమందుకొనెను.

బాలలారా! శ్రుతిపెట్టె మ్రోయుచుండగా సరళీస్వరములను ఆకారముతో మెల్లగా పాడుడు. పిదప ఒకే పంక్తిని తిన్నగాను, గమకముతోను పాడి భేదము వినుడు. గొంతు నొచ్చినచో వెంటనే ఆపుడు.