రేకు మీది రాయి కాపాడదు, రేకును పట్టిన బోల్టు కాపాడుతుంది

మక్కలు కోతకొచ్చే వేళ, మామిడి పిందె పట్టే వేళ సాయంత్రం పూట పడమర మబ్బు నల్లబడిందంటే రైతుకు గుండె దడే. ముందు దుమ్ము లేస్తుంది. వెనకే గాలిదుమారం. ఆ వెనక వడగండ్లు. అరగంటలో అంతా అయిపోతుంది. తెల్లారి చూస్తే పంట నేల మీద ఉంటుంది, కొట్టం రేకులు పక్కోళ్ల చేలో ఉంటాయి.

తెలంగాణ మైదానాల్లో మార్చి నుంచి మే దాకా ఈ భయం ఏటా ఉండేదే. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో నేలంతా తెల్లగా పరుచుకునేలా వడగండ్లు పడ్డాయి. 2024 మే 26న వచ్చిన గాలివానకు నాగర్‌కర్నూల్ జిల్లాలో నిర్మాణంలో ఉన్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు చనిపోయారు. పంటను గాలి నుంచి కాపాడుకోవడం మన చేతిలో లేదు. ఇంటి కప్పును, కొట్టం కప్పును కాపాడుకోవడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. పెద్ద ఖర్చు కూడా కాదు.

గాలి నొక్కదు, లాగుతుంది

గాలి కప్పును కిందికి తొక్కి విరగ్గొడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది వేరు. వేగంగా వచ్చిన గాలి కప్పు మీదుగా ఎగిరి దాటేటప్పుడు రేకును పైకి లాగుతుంది. అదే సమయంలో తెరిచి ఉన్న తలుపులోంచో, గోడ లేని వైపు నుంచో లోపలికి చొరబడ్డ గాలి రేకును కింది నుంచి తోస్తుంది. పైన లాగుడు, కింద తోపుడు. రెండూ కలిస్తే కప్పు లేచిపోతుంది. మూడు వైపులా గోడలు కట్టి ఒక వైపు వదిలేసిన పశువుల కొట్టాలు ఎక్కువగా లేచిపోవడానికి కారణం ఇదే.

ఒక లెక్క చూడండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల ఒత్తిడి పుడుతుంది. పది అడుగుల సిమెంటు రేకు వైశాల్యం మూడు చదరపు మీటర్లు దాటుతుంది. అంటే ఒక్కో రేకు మీద సుమారు 150 కిలోల లాగుడు. ఆ రేకు బరువు 40 కిలోల పైచిలుకు మాత్రమే. అదే కొలత ఇనుప రేకయితే 15 కిలోలు అటూ ఇటూ.

గాలి వేగం రెట్టింపయితే లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. 50 కిలోమీటర్ల గాలికి నిలిచిన కప్పు 100 కిలోమీటర్ల గాలికి లేచిపోయేది ఇందుకే. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం. అందులో హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు.

రాళ్లు పెడితే ఏమవుతుంది?

ఊళ్లో ఏ రేకుల ఇల్లు చూసినా పైన నాలుగు బండరాళ్లో, ఇసుక బస్తాలో, పాత టైర్లో కనిపిస్తాయి. ‘మా నాయన కాలం నుంచి ఇట్లనే పెడుతున్నం, ఏం కాలేదు’ అంటారు. మామూలు గాలికి కాదు, నిజమే. కానీ ఇరవై కిలోల రాళ్లు రెండు పెట్టినా 150 కిలోల లాగుడు ముందు అవి ఎందుకూ చాలవు. పైగా రేకు లేచినప్పుడు ఆ రాయి జారి పడేది లోపల పడుకున్నవాళ్ల మీదో, కొట్టంలో కట్టేసిన గేదె మీదో, వాకిట్లో ఉన్న పిల్లల మీదో. కప్పును పట్టలేని రాయి ప్రాణం మాత్రం తీయగలదు. అందుకే కప్పు మీద రాళ్లు ఉంటే ముందు బోల్టులు బిగించండి, తర్వాత రాళ్లు దించేయండి.

బోల్టు ఎక్కడ, ఎట్లా?

సిమెంటు రేకులకు 8 మిల్లీమీటర్ల జె బోల్టు వాడాలి. దాని కొక్కెం అడ్డ పైపును కింది నుంచి చుట్టి పట్టుకోవాలి. రేకుకు, నట్టుకు మధ్య ఇనుప వాషరు, దాని కింద తారు వాషరు ఉండాలి. రంధ్రం రేకు ఎత్తు మడత మీద డ్రిల్లుతో వేయాలి, పల్లంలో వేస్తే నీరు కారుతుంది. మేకుతో కొట్టి రంధ్రం చేస్తే రేకు చిట్లుతుంది. నట్టును మరీ బిగదీసినా చిట్లుతుంది. వాషరు కదలకుండా ఉంటే చాలు.

అడ్డ పైపుల మధ్య దూరం నాలుగున్నర అడుగులు మించకూడదు. ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కేచోట నిలువులో కనీసం ఆరు అంగుళాలు కలవాలి. చూరు బయటికి అడుగు మించి వదలొద్దు. ‘నీడ వస్తుంది గదా’ అని రెండడుగులు వదిలితే గాలికి అదే పట్టు దొరుకుతుంది.

ప్రతి రేకును ప్రతి అడ్డ పైపు దగ్గరా కనీసం రెండుచోట్ల పట్టించాలి. అయితే గాలి లాగుడు కప్పు అంతటా ఒకేలా ఉండదు. మూలలు, చూరు అంచులు, నడికొప్పు, పక్క అంచుల దగ్గర మిగతా చోట్ల కన్నా చాలా ఎక్కువ. కప్పు లేవడం మొదలయ్యేది అక్కడే. అందుకే ఆ వరుసల్లో బోల్టులు రెండింతలు వేయాలి. పాత షెడ్డుకు మొత్తం మార్చే స్తోమత లేకపోతే నాలుగు మూలలు, చుట్టూ అంచులు బిగించుకున్నా సగం ప్రమాదం తప్పినట్టే. ఈ బోల్టుల ఖర్చు ఎగిరిపోయే రేకుల ఖర్చులో కొద్ది భాగమే.

ఇనుప రేకులకు ఇప్పుడు స్క్రూలు బిగిస్తున్నారు. పలుచటి పైపుకు స్క్రూ మర పట్టదు, రెండు గాలులకే ఊడుతుంది. పైపు మందం చూసి కొనాలి, వెడల్పాటి రబ్బరు వాషరు వేయాలి. లేకపోతే స్క్రూ అక్కడే ఉంటుంది, రేకు చిరిగి వెళ్లిపోతుంది.

రేకు నిలిచినా గుంజ లేస్తే?

రేకును పైపుకు గట్టిగా కడితే లాగుడు పైపు మీదికి పోతుంది. పైపు నుంచి దూలానికి, దూలం నుంచి గుంజకో గోడకో, అక్కడి నుంచి పునాదికి దిగాలి. ఈ గొలుసులో ఒక్క లంకె ఊడినా కప్పు మొత్తం ఒకే ముక్కగా లేచిపోతుంది.

గుంజలు మట్టిలో పాతితే వానకు నేల నానినప్పుడు పట్టు వదులుతుంది. రెండున్నర నుంచి మూడు అడుగుల గుంతలో కాంక్రీటు పోయాలి. గుంజ అడుగున అడ్డంగా ఒక కడ్డీ వెల్డింగు చేయిస్తే కాంక్రీటులోంచి జారిరాదు. గోడ మీద దూలం పెట్టేవాళ్లు పై రెండు వరుసల ఇటుకల్లో కడ్డీ దిగ్గొట్టి ఊరుకుంటే ఆ రెండు వరుసలూ కప్పుతో పాటే లేస్తాయి. కడ్డీ కనీసం మూడడుగుల లోతు గోడలోకి దిగాలి. గుంజల మధ్య మూలల్లో ఐమూలగా గుణకారం గుర్తులా పైపులు వేస్తే షెడ్డు పక్కకు ఒరగదు.

కొత్తగా కట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కప్పు పడని పొడవాటి గోడ గాలికి ఒంటరి. ఎండాకాలంలో గోడలు లేపి కప్పు వేయకుండా వదిలేయొద్దు. మబ్బు పట్టినప్పుడు కూలీలను ఆ గోడల పక్కన నిలబడనివ్వొద్దు.

వాలు, వసారా

చదునుగా ఉన్న కప్పును గాలి ఎక్కువ లాగుతుంది. ప్రతి అడుగుకు 5 నుంచి 7 అంగుళాల ఎత్తు వచ్చేలా వాలు పెడితే లాగుడు తగ్గుతుంది. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వాలుల కప్పు మేలు. వసారా కప్పును ఇంటి కప్పుతో కలిపి ఒకే రేకుగా దించొద్దు. విడిగా వేస్తే గాలికి వసారా పోయినా ఇల్లు మిగులుతుంది.

వడగండ్లకు ఏ కప్పు?

వడగల్లు సైజు రెట్టింపయితే బరువు ఎనిమిదింతలు అవుతుంది, పడే వేగమూ పెరుగుతుంది. కుంకుడుకాయంత రాయికి ఏమీ కాని రేకు నిమ్మకాయంత రాయికి బద్దలయ్యేది అందుకే.

గూన పెంకు, బెంగుళూరు పెంకు చల్లగా ఉంటాయి గానీ పెద్ద రాయి పడితే పగులుతాయి. నయమేమిటంటే పగిలిన పెంకు ఒక్కటే మార్చుకోవచ్చు. ఏటా పాతిక యాభై పెంకులు అదనంగా పెట్టుకోవాలి. చూరు వరుసలోని పెంకులను తీగతో వాసాలకు కట్టాలి.

సిమెంటు రేకు ఎండకు ఎండి, వానకు నాని, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసవుతుంది. రాయి దెబ్బకు చిట్లుతుంది. ఇలాంటి రేకుల్లో చాలావాటిలో రాతినార ఉంటుంది. అన్ని రకాల రాతినార క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పగిలిన ముక్కలను పొడిగా ఊడ్వొద్దు, నీళ్లు చల్లి తడిపి ఎత్తాలి. కొత్తవి కొంటే రాతినార లేని సిమెంటు రేకులు అడగండి.

ఇనుప రేకు సొట్టపడుతుంది గానీ పగలదు. వడగండ్లకు ఇదే మేలు. కొనేటప్పుడు గేజి చూడాలి. గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలుచన. 26 గేజి కన్నా 24 గేజి మందం. ఎండాకాలం వేడికి పశువులు తట్టుకోవాలంటే కింద తడకలతో అటక కట్టుకోవచ్చు.

గడ్డి, తాటాకు కప్పు వడగండ్ల దెబ్బను మింగేస్తుంది, గాలికి మాత్రం ఆగదు. పైన తాళ్లతో వల అల్లి, కొసలు వాసాలకు గట్టిగా కట్టాలి.

గాలి లేచిన పూట

తలుపులు, కిటికీలు మూసేయాలి. గాలికి ఎదురుగా ఉన్నవి ముందు మూయాలి. డాబా ఇల్లు దగ్గర్లో ఉంటే పిల్లల్నీ పెద్దల్నీ అందులోకి పంపాలి. లేకపోతే గట్టి మంచం కిందో, మూల గదిలోనో ఉండాలి. రేకు ఎగురుతుంటే దూలాన్ని పట్టుకుని వేలాడొద్దు, పైకెక్కొద్దు. 150 కిలోల లాగుడు ముందు మనిషి బరువు ఎంత? పశువుల పలుపును గుంజకు జారుముడి వేసి ఉంచితే ఒక్క గుంజుకు విప్పొచ్చు. చెట్ల కింద మాత్రం కట్టొద్దు, పిడుగు భయం.

గాలి తగ్గాక పగిలిన సిమెంటు రేకు మీద అడుగు పెట్టొద్దు. పైపుల మీదుగా పలక పరిచి దాని మీదే నడవాలి. తెగిన కరెంటు తీగలు చూసుకున్నాకే లోపలికి పోవాలి.

నష్టం రాయించుకోండి

సర్దక ముందే ఫొటోలు తీసి తహసీల్దారు కార్యాలయంలో అర్జీ ఇవ్వాలి. పశువు చనిపోతే పశువైద్యుడి ధ్రువపత్రం తీసుకోవాలి. 2022 నుంచి 2026 మార్చి వరకు పెట్టిన కేంద్ర విపత్తు సాయం నిబంధనల్లో పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000, ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000, పాడి గేదెకు 37,500 ఉంది. ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటేనే అది వర్తిస్తుంది. ఇప్పటి రేట్లు అక్కడే కనుక్కోండి.

మూడు వేల రూపాయలతో కొట్టం మళ్లీ లేవదు. సాయం వచ్చేదాకా పాడి ఆగదు. కాబట్టి శివరాత్రి పోగానే ఒక పూట కేటాయించండి. నిచ్చెన వేసి అంచుల్లో, మూలల్లో బోల్టులు కదిపి చూడండి. తుప్పు పట్టినవి మార్చండి, వదులైనవి బిగించండి. గుంజ మొదళ్లు ఊపి చూడండి. పని పూర్తయ్యాక పైనున్న రాళ్లన్నీ కిందికి దించండి.