ఊపిరితిత్తిలో బుడిపె

గోదావరి లంకభూములలో పండే లంక పొగాకు చుట్టలకు పేరు పొందినది. ఏళ్ల తరబడి చుట్ట కాల్చినవారికీ, కట్టెలపొయ్యి పొగలో వంట చేసిన స్త్రీలకూ విడువని దగ్గు, ఆయాసం రావడం కద్దు. శ్వాసనాళాలు వాచి ఇరుకు కావడం, గాలిగదుల గోడలు చెడిపోవడం ఇందుకు కారణాలు.

అట్టివారి ఛాతీకి ఎక్స్‌రే తీసినపుడు ఒక్కొక్కప్పుడు గుండ్రని తెల్లమచ్చ కనిపిస్తుంది. అది 3 సెంటీమీటర్లకు మించకుంటే బుడిపె అంటారు. వెంటనే క్యాన్సరని బెదరనక్కరలేదు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇట్టివి పెక్కు మానిన క్షయ గుర్తులే. 1882లో కాక్ కనుగొన్న క్షయక్రిమి ఊపిరితిత్తిలో చేరితే, రక్షక కణాలు దానిని చుట్టుముట్టి గోడ కడతాయి. క్రమంగా అక్కడ సున్నపు లవణాలు పేరుకొని బుడిపె గట్టిపడుతుంది.

మరి దీర్ఘకాలపు దగ్గుజబ్బుకూ బుడిపెకూ సంబంధమేమి? దగ్గుజబ్బు బుడిపెగా మారదు. కాని శ్వాసనాళాలను చెరిచే పొగయే కణాలలో క్యాన్సరుకు దారితీసే మార్పులనూ తెస్తుంది. అందుచేత గాలిగదులు చెడినవారిలో కనబడిన బుడిపెను ఉపేక్షింపరాదు.

దీనిని తేల్చడానికి సులభసాధనం పాత ఎక్స్‌రే పటం. గట్టి బుడిపె రెండేళ్లపాటు పెరగకుండా ఉంటే అది సాధారణంగా నిరపాయమైనదే. పెరుగుతున్నట్లయితే సి.టి. పరీక్ష చేసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. కఫంలో క్షయక్రిములున్నవేమో కూడా చూస్తారు. కనుక పాత పటాన్ని దాచుకోవాలి. చుట్టను మాత్రం మానివేయాలి.